ఒకే కాగులో ఎన్ని రంగులు? కలంకారీ ఎరుపు వెనుక కథ

రోమన్ రచయిత ప్లీనీ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు గురించి ఒక వింత రాసిపెట్టాడు. అక్కడివాళ్లు తెల్లగుడ్డ మీద ఏవో ద్రవాలు పూస్తారు. పూసినప్పుడు గుడ్డ మీద ఏమీ కనపడదు. తర్వాత దాన్ని మరుగుతున్న రంగునీళ్ల కాగులో ముంచి, కాసేపటికి తీస్తారు. కాగులో ఉన్నది ఒకటే రంగు. బయటికి వచ్చిన గుడ్డ మీద మాత్రం రకరకాల రంగులు కనపడతాయి. ఎంత ఉతికినా అవి పోవు.

పెడన, మచిలీపట్నం, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో సహజ రంగులతో పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ చేసేది అదే. కలంకారీ అనగానే కలంతో రంగులు వేసిన బొమ్మ అనుకుంటాం. పసుపు లాంటి కొన్ని రంగుల వరకు అది నిజమే. కానీ కలంకారీకి ప్రపంచంలో పేరు తెచ్చిన ఎరుపును ఎవరూ గుడ్డ మీద పూయరు. ఎరుపు ఎక్కడ రావాలో అక్కడ పటిక నీళ్లు పూస్తారు. ఆ తర్వాత గుడ్డను కాగులో ఉడికించినప్పుడు ఎరుపు వచ్చి ఆ చోట్లలోనే నిలుస్తుంది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే దీని చుట్టూ అల్లుకున్న మిగతా చరిత్ర కూడా విడిపోతుంది. ఫ్రాన్సు రాజ్యం మన గుడ్డను 73 ఏళ్లపాటు ఎందుకు నిషేధించింది, ఒక ఫ్రెంచి పాదిరీ మన దేశం నుంచి రంగుల గురించి అంత వివరంగా ఉత్తరాలు ఎందుకు రాశాడు, ఒక జర్మనీ కంపెనీ కోసం 1869లో లండన్‌లో అడిగిన పేటెంటుకూ ఆంధ్ర తీరంలో వేళ్లు తవ్వుకునేవాళ్లకూ సంబంధం ఏమిటి, ఇవన్నీ ఒకే దారం మీద ఉన్నాయి. కలంకారీని మనం బొమ్మల చరిత్రగా చెప్పుకోవడానికి అలవాటుపడ్డాం. నన్నడిగితే అది ముందుగా రంగు చరిత్ర. నూలుకు అంటుకోని రంగును శాశ్వతంగా అంటించగలిగినవాళ్ల చరిత్ర.

నూలుతో వచ్చే చిక్కు

ఉన్ని, పట్టు జంతువుల నుంచి వస్తాయి. అవి ప్రొటీన్లు. రంగు అణువులు పట్టుకుని ఉండటానికి ప్రొటీన్‌లో అనువైన చోట్లు చాలా ఉంటాయి. అందుకే ఉన్నికి రంగు వేయడం ఐరోపావాళ్లకు ఎప్పటినుంచో బాగా తెలుసు. పత్తి అలా కాదు. అది సెల్యులోజ్. చెట్ల నుంచి తీసిన రంగుల్లో చాలావాటికి దానితో పొత్తు కుదరదు. నూలు చొక్కా మీద పడిన బీట్‌రూట్ మరక రెండు ఉతుకుల్లో పోతుంది కదా, చిక్కంతా అక్కడే ఉంది.

కాబట్టి నూలుకూ రంగుకూ మధ్య మూడోది ఒకటి కావాలి. ఆ పని లోహం చేస్తుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది. అది ఒకవైపు గుడ్డను, మరోవైపు రంగు అణువును పట్టుకుంటుంది. ఇలాంటి పదార్థాన్ని కెమిస్ట్రీలో మోర్డెంట్ అంటారు. చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ల నుంచి వచ్చే ఎర్రరంగులో ముఖ్యమైన పదార్థం అలిజరిన్. ఇది అల్యూమినియంతో కలిస్తే నీళ్లలో కరగని ముద్ద ఎరుపు తయారవుతుంది. పోగు లోపలే తయారవుతుంది కాబట్టి ఇక ఉతుక్కి కదలదు.

అసలు విశేషం ఏమిటంటే, లోహం మారితే రంగు మారుతుంది. అదే అలిజరిన్ ఇనుముతో కలిస్తే ఊదా నుంచి నలుపు వరకు వెళుతుంది. పటికనూ ఇనుమునూ కలిపి పూస్తే ముదురు గోధుమరంగు వస్తుంది. పటిక పలచగా పూస్తే గులాబీ, చిక్కగా పూస్తే రక్తవర్ణం. కాగులో ఉన్నది ఒకటే వేరు కషాయం అయినా, గుడ్డ మీద ఎక్కడ ఏ లోహం ఎంత ఉందో దాన్నిబట్టి రంగులు విడిపోతాయి. ప్లీనీ చూసిన వింత ఇదే.

ఇంకో మెలిక ఉంది. పటిక కూడా నూలును గట్టిగా పట్టుకోదు. దానికి కరక్కాయ కావాలి. కరక్కాయలో వగరు పుట్టించే టానిన్లు మెండుగా ఉంటాయి. అవి నూలులోకి ఇంకి, లోహానికి కూర్చునే చోటు ఇస్తాయి. టానిన్‌కూ ఇనుముకూ ఉన్న చుట్టరికం మన వంటిళ్లలో అందరికీ తెలిసిందే. అరటికాయ తరిగితే ఇనప కత్తిపీట నల్లబడుతుంది. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసుకున్నదీ ఈ గుణం వల్లే. కలంకారీ నల్లగీత కూడా ఆ జాతి సిరానే. తేడా ఏమిటంటే, ఇక్కడ కరక్కాయ ముందే గుడ్డలో ఉంటుంది, ఇనుము కలంలో ఉంటుంది. రెండూ గీత దగ్గర కలుసుకుంటాయి.

గుడ్డ నడిచే దారి

గాడా అనే ముతక నూలు గుడ్డను ముందుగా పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెడతారు. మగ్గం మీద పట్టిన గంజి, పత్తికి సహజంగా ఉండే జిడ్డు పోవాలి. అది పోకపోతే తర్వాత చేసే ఏ పనీ సమంగా రాదు. ఆ తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి, పిండి, ఆరేస్తారు. పాలు ఎందుకంటే, వాటిలోని వెన్న వల్ల కలం గీత గుడ్డ మీద పాకిపోకుండా గీసినచోటే ఆగుతుంది. పాలు లేని గుడ్డ మీద గీస్తే గీత అంచులు ఉబ్బి, కంటి రెప్పలూ వేళ్ల కొనలూ చెదిరిపోతాయి. కాళహస్తి బొమ్మల్లో ఆభరణాలు అంత సన్నగా దిగడానికి చిత్రకారుడి చెయ్యి ఎంత కారణమో గేదెపాలూ అంతే కారణం.

కాల్చిన చింత పుల్లల బొగ్గుతో బొమ్మ ఆకారం రాసుకున్నాక నల్ల ద్రవం వస్తుంది. ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. బెల్లం పులిసి పులుపెక్కుతుంది, ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. వడగట్టిన ద్రవం చూడటానికి పలచగానే ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే గీత కళ్లముందే నల్లబడుతుంది. కలం అంటే వెదురు పుల్ల. మొన చెక్కి, దానికి కాస్త పైన గుడ్డ పీలికో ఉన్నో చుట్టి దారంతో కడతారు. అందులో ద్రవం నిలవ ఉంటుంది. వేళ్లతో నొక్కినకొద్దీ దిగుతుంది. మచిలీపట్నం వైపు ఇదే పని చెక్క అచ్చులతో చేస్తారు. ద్రవం అచ్చు మీద నిలవాలి కాబట్టి జిగురు కలిపి చిక్కబరుస్తారు. కాళహస్తిది కలం, బందరుది అచ్చు అనే తేడా పెద్దదే, కానీ గుడ్డ లోపల జరిగే పని రెండుచోట్లా ఒకటే.

తర్వాత పటిక. అది నీళ్లలా ఉంటుంది కాబట్టి, పూసినచోటు తెలియడానికి తర్వాత పోయే ఏదో ఒక రంగును కొంచెం కలుపుతారు. పటికలో ఇనుము జాడ ఏ కాస్త ఉన్నా ఎరుపు మాసిపోతుంది. అందుకే నలుపుకూ ఎరుపుకూ వాడే గిన్నెలు, కలాలు వేరువేరుగా ఉంచుకుంటారు. పూసిన గుడ్డను బాగా ఆరనిచ్చి పారే నీళ్లకు తీసుకెళతారు.

ఈ పారే నీళ్ల దగ్గర కాస్త ఆగాలి. గుడ్డను పట్టుకోని అదనపు పటికను ఈ ఉతుకులో వదిలించాలి. తొట్టిలో ఉతికితే అది నీళ్లలో తేలి పక్కనున్న తెల్లభాగం మీద కూర్చుంటుంది, ఉడికించినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. ప్రవాహంలో అయితే కొట్టుకుపోతుంది. కలంకారీ ఊళ్లు నదుల పక్కన, కాలువల పక్కన ఉండటానికి కారణం ఇదే. కాళహస్తికి స్వర్ణముఖి, బందరు చుట్టుపక్కల ఊళ్లకు కృష్ణ కాలువలు. నదిలో నీళ్లు లేని కాలంలో ఈ పని ఎంత ఇబ్బందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక కాగు. వేళ్లు, బెరడు వేసిన నీళ్లలో గుడ్డను కలియదిప్పుతూ ఉడికిస్తారు. తీసినప్పుడు గుడ్డంతా గులాబీ రంగులో ఉంటుంది, పటిక ఉన్నచోట్ల ఎరుపు గట్టిపడి ఉంటుంది. తెల్లభాగానికి పట్టిన గులాబీని వదిలించడానికి మళ్లీ పేడనీళ్లు, మళ్లీ ఎండ. తడిపి ఎండలో పరచడం, ఆరుతుంటే మళ్లీ తడపడం. లోహంతో ముడిపడని రంగు ఎండకు చచ్చిపోతుంది, ముడిపడింది మిగులుతుంది. పేడ అనగానే మొహం చిట్లించేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ అద్దకపు ఫ్యాక్టరీల్లో కూడా ఆవుపేడ తొట్లు ఉండేవి. అదనపు మోర్డెంట్‌ను లాగేయడానికి అంతకన్నా మంచి పదార్థం వాళ్లకూ చాలాకాలం దొరకలేదు.

నీలం దారి పూర్తిగా వేరు. నీలిమందు నీళ్లలో కరగదు, దానికి లోహంతో పని లేదు. పులియబెట్టిన నీలి కుండలో అది కరిగే రూపంలోకి మారుతుంది. అందులో ముంచి తీసిన గుడ్డ మొదట పచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నీలంగా మారుతుంది. కుండలో ముంచాలి కాబట్టి నీలం అక్కర్లేని చోటంతా మైనంతో కప్పాలి. అంటే ఒక చిన్న నీలి పువ్వు కోసం గజాల కొద్దీ గుడ్డకు మైనం పూయాలి. ఎర్రపువ్వు రేకుల్లో కనిపించే వెంట్రుకలాంటి తెల్లని ఈనెలు కూడా మైనంతో గీసినవే. పటిక పూసేముందు అక్కడ మైనం పెట్టేవాళ్లు.

ఆకుపచ్చ విడిగా లేదు. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. కరకపువ్వు, దానిమ్మ తొక్క లాంటివాటితో చేసే పసుపు మిగతా రంగులంత గట్టిది కాదు. మ్యూజియాల్లోని పాత కోరమాండల్ (మన ఆగ్నేయ తీరం) గుడ్డల్లో ఆకులు నీలంగా ఉండటానికి కారణం ఇదే. పైనున్న పసుపు శతాబ్దాల్లో ఎగిరిపోయి, కింద నీలం మిగిలింది. నల్లగీతలది మరో విషాదం. వాటిలోని ఇనుము కాలక్రమంలో నూలునే తినేస్తుంది. కొన్ని పాత గుడ్డల్లో పువ్వు ఉంటుంది, దాని చుట్టూ గీత ఉన్నచోట గుడ్డే ఉండదు.

చిరివేరు

రంగును ముడివేసే విద్య మన దేశంలో చాలా పాతది. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అంటుకుని దొరికిన నూలు గుడ్డ పీలికల్లో మంజిష్ఠ అనే ఎర్రవేరు జాతి ఎరుపు కనిపించింది. అయితే కృష్ణా తీరానికి ప్రత్యేకమైన పేరు తెచ్చింది చిరివేరు. చెరివేలు అని కూడా అనేవాళ్లు. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క ఇది. పైకి గడ్డిలా కనపడుతుంది. విలువంతా నేలలోకి దిగిన సన్నని పొడవాటి వేళ్లలో, అందులోనూ వేరు బెరడులో ఉంటుంది. కాఫీ, మంజిష్ఠ, తొగరు చెట్టు, ఇది, అన్నీ ఒకే కుటుంబం.

ఇసుకకూ ఎరుపుకూ సంబంధం ఉంది. అలిజరిన్, అల్యూమినియం కలిసి ఎరుపు అవుతాయని చెప్పుకున్నాం కదా, అందులో కాస్త సున్నం కూడా చేరితే ఎరుపు ఇంకా ప్రకాశవంతంగా, గట్టిగా వస్తుంది. సముద్రపు గవ్వలూ గుల్లలూ నలిగి కలిసిన నేలలో సున్నం దండిగా ఉంటుంది. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ ఈ ఎర్రవేరును ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నాన్ని ఆనాటి ఐరోపా వర్తకులు పెటపోలి అనేవాళ్లు. మంచి చిరివేరుకు ఆ ప్రాంతానికి పేరు.

పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల మీద 1795 నుంచి ప్రచురించిన గ్రంథంలో చిరివేరుకు చోటిచ్చాడు, తెలుగు పేరుతో సహా. దేశీయ చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించింది ఆయనే. అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని ప్రయోగాలు చేసిందీ ఆయనే. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర ఆ చెట్టుదే. మన తీరంలో మొక్కల శాస్త్రం, రంగుల వ్యాపారం ఎంత దగ్గరగా నడిచాయో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఓడలెక్కిన గుడ్డ

మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల రేవు. పర్షియాతో పాత సంబంధాలున్న ఊరు. డచ్చివాళ్లు 1606 నాటికి, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ దిగారు. వాళ్లు మొదట మన గుడ్డ కోసం వచ్చినవాళ్లు కారు. వాళ్లకు కావాల్సింది ఇండోనేషియా దీవుల లవంగాలు, జాజికాయలు, మిరియాలు. ఆ దీవులవాళ్లు వాటికి బదులుగా అడిగేది మాత్రం భారతదేశపు గుడ్డ. ఎన్నో తరాలుగా వాళ్లకు అలవాటైన సరుకు అదే. సుగంధ ద్రవ్యాలు కొనాలంటే ముందు కోరమాండల్ వచ్చి గుడ్డ కొనాలని కంపెనీలకు త్వరగానే తెలిసొచ్చింది.

ఒక్కో దేశానికి ఒక్కో తీరు. సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజదర్బారుకు వాళ్ల దేవతామూర్తులతో, వాళ్ల అంచులతో ఇక్కడ గుడ్డ తయారయ్యేది. జపాన్‌లో ఈ గుడ్డ ముక్కలను తేనీటి వేడుకలో వాడే సామగ్రికి సంచులుగా కుట్టి అపురూపంగా దాచుకునేవాళ్లు. నెదర్లాండ్స్‌లోని హిండెలోపెన్ అనే రేవు ఊరి స్త్రీల సంప్రదాయ దుస్తుల్లో ఈ పూలగుడ్డ పొడవాటి పైవస్త్రంగా చేరింది. న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో పదిహేడో శతాబ్దపు తొలినాళ్ల కోరమాండల్ తెర ఉంది. ఏడు భాగాల్లో రకరకాల దేశాల మనుషులను వాళ్ల వాళ్ల వేషాలతో చిత్రించారు. ఆ రేవుల్లో ఎవరెవరు తిరిగేవారో గీసినవాళ్లకు బాగా తెలుసనిపిస్తుంది.

ఇంగ్లండు అడిగింది మరొకటి. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌కు రాసిన ఉత్తరంలో, ముదురు ఎర్ర నేపథ్యం మాకు నచ్చడంలేదు, తెల్ల నేపథ్యం మీద పూలు, కొమ్మలు వేయించి పంపండి అని కోరారు. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పెద్ద పడక దుప్పట్ల మీద కనిపించే వంకర తిరిగిన చెట్టు, దాని నిండా ఏ దేశంలోనూ లేని పూలు, ఇలాంటి కోరికల నుంచే రూపుదిద్దుకున్నాయి. అందులో పర్షియా ఉంది, చైనా ఉంది, ఇంగ్లీషు కుట్టుపని ఉంది. ఇది అచ్చమైన ప్రాచీన భారతీయ చిత్రం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అచ్చంగా ఇక్కడిది అని చెప్పగలిగింది ఆ రంగును నిలిపిన పని.

ఆ పనికి పట్టే కాలం చూసి డచ్చి రచయిత డేనియల్ హావర్ట్ పదిహేడో శతాబ్దం చివర ఆశ్చర్యపోయాడు. నత్త నడుస్తున్నట్టు ఉంటుంది, ముందుకు జరుగుతున్నట్టే కనపడదు అన్నాడు. ఓర్పుకు బొమ్మ గీయాలనుకునేవాడికి పాలకొల్లు అద్దకపు చిత్రకారుడు ఒక్కడు చాలని కూడా అన్నాడు. పాలకొల్లులో అప్పుడు డచ్చివాళ్ల స్థావరం ఉండేది.

ఈ వ్యాపారంలో చీకటి భాగం కూడా ఉంది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషులను బానిసలుగా కొనడానికి ఐరోపా ఓడలు తీసుకెళ్లిన సరుకుల్లో భారతదేశపు నూలుగుడ్డ ముఖ్యమైనది. ఇక్కడ గీసినవాళ్లకు ఆ గుడ్డ ఎక్కడికి పోతోందో తెలిసే అవకాశం లేదు.

నిషేధాలు, గూఢచర్యం

ఉతికినా వెలవని పూలగుడ్డ ఐరోపాలో అంతకుముందు లేదు. వాళ్లు గుడ్డ మీద అచ్చువేసిన రంగులు పైపూతలు, నీళ్లకు పోయేవి. ఉన్ని దుస్తులను ఇలా ఉతుక్కునే వీలు లేదు. తేలిక, చవక, ఉతుక్కోవచ్చు, రంగు ఉంటుంది. పనిమనిషి నుంచి రాణి వరకు అందరూ కట్టడం మొదలుపెట్టారు. ఉన్ని, పట్టు నేసేవాళ్ల పొట్ట మీద కొట్టినట్టయింది.

ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డ దిగుమతినీ, దేశంలో తయారీనీ నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండు 1700లో చట్టం చేసి, రంగులద్దిన భారతీయ గుడ్డను దేశంలో వాడకానికి దిగుమతి చేసుకోకూడదంది. తెల్లగుడ్డ తెచ్చుకుని లండన్‌లో అద్దకం వేయడం పెరిగింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లోకొచ్చి, పూలగుడ్డ కట్టిన స్త్రీల మీద సిరా, ఆసిడ్ చల్లారు, ఒంటిమీది బట్టలు చింపారు. 1721లో రెండో చట్టం వచ్చింది, కట్టడం కూడా నేరమైంది. ఆ ఆంక్షలు 1774లో సడలాయి.

ఈ చట్టాల ఫలితం వాటిని చేసినవాళ్లు అనుకున్న దారిలో మాత్రమే పోలేదు. గిరాకీ చావలేదు, సరుకు రావడం తగ్గింది. కాబట్టి ఆ సరుకును తామే తయారుచేయాలనే ఆరాటం పెరిగింది. వాళ్ల దగ్గర పటిక ఉంది, మంజిష్ఠకు చుట్టమైన మాడర్ వేరు ఉంది. లేనిది వరస. ఏది ముందు, ఏది తర్వాత, పాలు ఎందుకు, నది ఎందుకు, పేడ ఎందుకు. ఆర్మేనియన్ల సాయంతో మార్సెయిల్‌లో 1670లలోనే కొన్ని ప్రయత్నాలు జరిగాయి గానీ, పూర్తి విద్య కోసం మూలానికే రావాల్సివచ్చింది.

1730లలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో తన ఎదుటే ఒక గుడ్డ అద్దించుకుని, ఒక్కో దశ పూర్తవగానే ఒక ముక్క కత్తిరించి తన రాతప్రతికి జతచేశాడు. ఆ ప్రతి ప్యారిస్ సహజచరిత్ర మ్యూజియంలో ఉంది. 1742లో జెసూట్ పాదిరీ కోర్దూ మరింత వివరంగా ఉత్తరం రాశాడు. కొత్తగా క్రైస్తవంలో చేరినవాళ్లలో అద్దకపు పనివాళ్లు ఉండటంతో వాళ్లను అడిగి తెలుసుకున్నాడు, రాసినది మళ్లీ వాళ్లకు వినిపించి సరిచూసుకున్నాడు. ఈ కోర్దూ తెలుగు నేర్చినవాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు ఆయన పేరు మీద ఉంది. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ పోలికలున్నాయని 1767లోనే గుర్తించి ఫ్రాన్సుకు రాసిన పండితుడు కూడా.

ఆయన ఉత్తరం చదివితే గౌరవమూ కలుగుతుంది, బాధా కలుగుతుంది. ఒక చేతిపనిని అంత శ్రద్ధగా, చేసేవాళ్ల తెలివిని గుర్తిస్తూ రాసిన ఐరోపావాళ్లు ఆ కాలంలో తక్కువ. కానీ తరతరాల విద్యను నమ్మకంతో విప్పి చెప్పినవాళ్లకు దాని ప్రతిఫలం ఏదీ రాలేదు. కోర్దూ పేరు పుస్తకాల్లో నిలిచింది. చెప్పినవాళ్ల పేర్లు మనకు అందలేదు.

నిషేధం తొలగిన మరుసటి ఏడాది, 1760లో, ఓబర్‌కాంఫ్ అనే అద్దకపు పనివాడు ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గరి జూయీలో అద్దకపు ఫ్యాక్టరీ పెట్టాడు. ఐర్లండులో 1752 నాటికే రాగిరేకుల మీద చెక్కి గుడ్డకు అచ్చువేయడం మొదలైంది. 1783లో తిరిగే రాగి రోలరుకు బ్రిటన్‌లో పేటెంటు వచ్చింది. పాలకొల్లు చిత్రకారుడి నత్తనడక ఎక్కడ, రోలరు వేగం ఎక్కడ! పత్తి వడికే యంత్రాల వెనుక కూడా భారతీయ గుడ్డతో పోటీపడాలనే తపన ఉందని చాలామంది ఆర్థిక చరిత్రకారులు అంటారు. ఆ మాటలో బలం ఉందని నాకూ అనిపిస్తుంది.

వేరు అక్కర్లేని ఎరుపు

ఇంతవరకు యంత్రాలు మారాయి గానీ రంగు ఇంకా నేలలోంచే వచ్చేది. 1826లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రోబికే మాడర్ వేరు నుంచి అలిజరిన్‌ను విడదీశాడు. 1868లో గ్రేబ, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్లు తారు నుంచి వచ్చే ఆంత్రసీన్ అనే పదార్థంతో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1869 జూన్‌లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ తరఫున లండన్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. ఒక్క రోజు తేడాతో ఇంగ్లండు శాస్త్రవేత్త పెర్కిన్ దరఖాస్తు పడింది. కొద్ది ఏళ్లలోనే ఫ్రాన్సు, హాలండు మాడర్ పొలాలు మూతపడ్డాయి. చిరివేరుకు కూడా అదే గతి. నీలిమందు వంతు 1897లో వచ్చింది, బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్లోకి దింపింది.

కృత్రిమ అలిజరిన్ నకిలీ రంగు కాదని ఇక్కడ చెప్పాలి. వేరులో ఉన్న అణువే ఇందులోనూ ఉంది. పటిక మీద అదే పద్ధతిలో పట్టుకుంటుంది. మచిలీపట్నం అద్దకంలో వేరు పోయి పొడి వచ్చినా కరక్కాయ, పటిక, కాగు, కాలువ నీళ్లు అలాగే మిగలడానికి కారణం అదే. పోయింది వేరుతో పాటు వచ్చే ఛాయల తేడా, వేరు తవ్వేవాళ్ల బతుకు.

బందరుకు ఇంకా చాలా దెబ్బలు తగిలాయి. గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతిలో పడింది. రేవు పూడుతూ వచ్చింది. 1864 నవంబరు ఒకటిన తుపాను ఉప్పెన ఊరి మీద పడి దాదాపు 30,000 మందిని బలితీసుకుంది. ఒక ఊరి చేతిపని అంటే అది చేసే మనుషులే కాబట్టి, అలాంటి రాత్రి తర్వాత ఏది ఎంత పోయిందో లెక్కగట్టడం కష్టం.

శ్రీకాళహస్తి దారి వేరు. అక్కడ గుడ్డ ప్రధానంగా గుడి కోసం. రామాయణ, మహాభారత కథలను అడ్డు వరసల్లో గళ్లుగళ్లుగా గీసి, బొమ్మల మధ్య తెలుగులో కథ రాసేవాళ్లు. ఓడలెక్కే గిరాకీ లేకపోవడంతో ఐరోపా ఫ్యాషన్ల జోరు దాన్ని మార్చలేదు. ఆదరణ తగ్గి అది కూడా ఇరవయ్యో శతాబ్దం మధ్యకు కొద్దిమంది చేతుల్లోనే మిగిలింది. 1950ల చివర, చేతిపనులను బతికించడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య నేర్పించారు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ ఊళ్లో కలం పట్టేవాళ్లలో ఎంతోమంది విద్య ఆ కేంద్రం దాకా వెళుతుంది.

మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలకు వేర్వేరుగా జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. అయినా బజార్లో కలంకారీ పేరుతో అమ్మే చీరల్లో, కుర్తాల్లో చాలా భాగం రసాయన రంగులతో వేసిన స్క్రీన్ ప్రింట్లే. చవకగా ఆ డిజైను కట్టుకోవాలనుకునేవాళ్లను తప్పుపట్టలేం. దాన్ని చేతిపనిగా చెప్పి అమ్మడం మాత్రం నెలల తరబడి నదికీ కాగుకీ మధ్య తిరిగినవాళ్ల కూలిని కాజేయడమే.

కొనేటప్పుడు దగ్గరగా చూస్తే కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. ఉడికించిన ఎరుపు పోగు లోపలికి దిగుతుంది కాబట్టి గుడ్డ వెనకవైపు కూడా బాగానే కనపడుతుంది. పైపూత రంగు వెనక వెలవెలబోతుంది. తెల్లభాగం పాలలా తెల్లగా మెరవదు, కాస్త మీగడ రంగులో ఉంటుంది. అచ్చుపని అయితే ఒక అచ్చు పక్కన ఇంకొకటి పడినచోట సన్నని తేడా ఉంటుంది. కలంపని అయితే ఒకే ఆకును పదిసార్లు గీసినా పదీ ఒకేలా ఉండవు. కొత్త కాళహస్తి గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలు, కరక్కాయ కలిసిన వాసన చాలాసార్లు ఇంకా తెలుస్తుంది. అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. ఈ ఎరుపు పూసిందా, ఉడికించిందా అని అడగండి. పని తెలిసినవాళ్లయితే వెంటనే పటిక గురించి చెప్పడం మొదలుపెడతారు.